గుల్ల ఖరీదు

మా అంబర్‌పేట ఇంటి ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉన్నది. మధ్యతరగతి సంసారాలలో ఇటువంటి బీరువాను చూస్తే చాలు, ఆ ఇంటివారు ఏయే ఊళ్ళు తిరిగారో తెలిసిపోతుంది. మా బీరువాలో కొండపల్లి అంబారీ ఏనుగు ఉన్నది, నిర్మల్ పళ్ళెం ఉన్నది, కాశీ నుంచి తెచ్చిన గంగాజలం చెంబు ఉన్నది. వీటన్నిటి నడుమ, పదేళ్ళ కిందట రామేశ్వరంలో కొన్న ఆరుకొమ్ముల గుల్ల ఒకటి మొన్న మొన్నటివరకు ఉండేది. వేళ్ళు చాచిన చెయ్యిలాగా ఆరు కొమ్ములు. లోపలివైపు గులాబీ రంగు నునుపు. చెవి దగ్గర పెట్టుకుంటే సముద్రపు హోరు. దుకాణంవాడు 350 రూపాయలు చెప్పగా 200 రూపాయలకు బేరం తెగ్గొట్టినందుకు నేను చాలాకాలం గర్వపడ్డాను. ఇంటికి వచ్చినవారికి గుల్లను చూపించడంకన్నా ఆ బేరం చెప్పడమే నాకు ఎక్కువ సరదాగా ఉండేది.

ప్రతి సంక్రాంతికీ మా ఆవిడ బొమ్మల కొలువు పెడుతుంది. కిందిమెట్టు మీద నీలం కాగితం పరిచి సముద్రం చేసి, దశావతారాలలోని మత్స్యావతారం పక్కన ఈ గుల్లను అలంకరించడం మా ఇంటి ఆనవాయితీ. కిందటి సంక్రాంతినాడు పేరంటానికి వచ్చినవారిలో మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ ఉన్నారు. కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు జువాలజీ చెప్పి రిటైరైనారు. శనగలు, తాంబూలం అందుకుని, కొలువంతా చూసి మెచ్చుకుని, ఆ గుల్ల దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగిపోయారు.

“వదినగారూ, ఇది ఎక్కడిదండీ?” అన్నారు.

మా ఆవిడ నా బేరం సంగతితో సహా అంతా చెప్పింది. ఆవిడ మెల్లగా, నలుగురూ వినకుండా, “ఏమీ అనుకోకండి. ఇది ఇంట్లో ఉంచుకోవడం నేరం” అన్నారు.

పేరంటం అయిపోయాక మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట నాకు చెబుతూ ఉంటే, ఇంట్లో దొంగసొత్తు ఉన్నదని ఎవరో అన్నట్టుగా నాకు ఒళ్ళు మండింది. గుల్ల ఏమిటి, నేరం ఏమిటి? సముద్రం ఒడ్డున కోటానుకోట్లు పడి ఉంటాయి గదా! మర్నాడు నేనే ఆవిడ ఇంటికి వెళ్ళి అడిగాను. ఆవిడ కోపగించుకోకుండా, విద్యార్థికి చెప్పినట్టు చెప్పారు. ఈ గుల్ల పేరు లాంబిస్ కైరాగ్రా అట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో గుల్లజీవుల పేర్లు చేర్చారట. మొదటి జాబితాలో తొమ్మిది, నాలుగో జాబితాలో పదిహేను. మా బీరువాలోనిది ఆ పదిహేనులో ఒకటి.

“ఒడ్డున చచ్చి పడి ఉన్నదాన్ని ఎవడో ఏరుకుని అమ్ముకుంటే దోషమేమిటండీ?” అన్నాను.

“ఒడ్డున పడ్డ గుల్లకు ఇంత మెరుపు ఉండదండీ. ఎండకు, ఇసుకకు వెలిసిపోతుంది. మీ గుల్ల ఇంత నిగనిగలాడుతున్నదంటే, దాన్ని ప్రాణంతో తీశారన్నమాట” అన్నారావిడ.

నేను మరి మాట్లాడలేకపోయాను.

* * *

ఫిబ్రవరిలో కాకినాడలో మా ఆవిడ వైపు పెళ్ళి ఒకటి వచ్చింది. సికింద్రాబాదులో రాత్రి గౌతమి ఎక్కి, తెల్లవారి కాకినాడలో దిగాము. మా మనవరాలు కూడా వచ్చింది. ఆరో తరగతి చదువుతున్నది. ప్రశ్నలు వెయ్యడంలో మాత్రం ఎమ్మే. పెళ్ళి అయిన మర్నాడు అందరం కలిసి కోరంగి చూడటానికి బయలుదేరాము.

కాకినాడ నుంచి యానాం రోడ్డున వెళితే కోరంగి 20 కిలోమీటర్ల లోపే. ధవళేశ్వరం దిగిన గోదావరి చీలి, గౌతమి పాయనుంచి మళ్ళీ చిన్నచిన్న పాయలు విడి, కోరంగి ఏరు, గాడేరు అన్న పేర్లతో కాకినాడ అఖాతంలో కలుస్తుంది. ఉప్పునీరూ మంచినీరూ కలిసే ఆ చోట మడ అడవి పెరిగింది. 1978లో ఈ అడవిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

ఒకప్పుడు ఇది పెద్ద రేవు. ఇక్కడనుంచి ఓడలు బర్మాకు వెళ్ళేవి. బర్మాలో తెలుగువాళ్ళను ‘కోరంగీలు’ అని పిలిచేవారంటే ఈ ఊరి పేరు ఎంత దూరం వెళ్ళిందో చూడండి. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకొకసారి, ఉప్పెన వచ్చి ఊరిని తుడిచిపెట్టింది. రెండోదాని తరువాత రేవు మళ్ళీ కోలుకోలేదు. ఇప్పుడు అక్కడ ఓడలు లేవు, కోలాహలం లేదు. మడచెట్ల మధ్య చెక్కబాట, కింద బురద, బురదలోనుంచి మేకులు పాతినట్టు పైకి పొడుచుకువచ్చిన ఊపిరి వేళ్ళు మాత్రమే ఉన్నాయి. ఆ బాట మీద నడుస్తుంటే ఎక్కడో నీటిపిట్ట అరుపు, బురదలో పీతల చిటపట తప్ప వేరే చప్పుడు లేదు. దూరాన అఖాతానికి అడ్డంగా హోప్ ఐలాండ్ అనే ఇసుకదిబ్బ 16 కిలోమీటర్ల పొడవున పడుకుని ఉన్నది. సముద్రపు అలలు నేరుగా కాకినాడ రేవును కొట్టకుండా కాచేది అదే. చలికాలం చివర సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి అక్కడికి వస్తాయి.

మా మనవరాలు వేళ్ళు లెక్కపెట్టుకుంటూ, “తాతయ్యా, ఇక్కడ గుల్లలు ఏరుకోవచ్చా?” అన్నది. నేను జవాబు చెప్పేలోపలే మా ఆవిడ, “ముట్టుకోకు!” అని ఒక్క కేక పెట్టింది. పక్కన నడుస్తున్నవారు తిరిగి చూశారు. పేరంటంనాటి మాట ఆవిడ మనస్సులోనుంచి ఇంకా పోలేదు.

* * *

సాయంకాలం తిరిగి వస్తూ అఖాతం ఒడ్డున కారు ఆపించాము. పాటు వేళ. నీరు వెనక్కు తీసి, కంటికి ఆనినంత మేర బురద తేలి ఉన్నది. మోకాళ్ళలోతు బురదలోనుంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు నెత్తిన తట్టలతో గట్టుకు వస్తున్నారు. తట్టలనిండా గుల్లలు. అందులో యాభై ఏళ్ళు పైబడిన ఒకామె తట్ట దింపి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ మా కారు నీడన కూర్చున్నది. మా ఆవిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది. అక్కడినుంచి మాటలు కలిశాయి.

“రోజూ ఇంతేనా అమ్మా?” అన్నాను.

“ఆయ్, పాటు ఎప్పుడుంటే అప్పుడేనండి. తెల్లారగట్ల పాటయితే తెల్లారగట్ల, మిట్టమజ్జానమయితే మిట్టమజ్జానం. మాకు సంద్రమే గడియారమండి బాబూ.”

చేతులు చూపించింది. గుల్లల అంచులు కోసిన గాట్లు, ఉప్పునీటికి మానీ మానని గాట్లు. గుల్ల ఉడకబెట్టి మాంసం తీస్తారట. కొంత ఇంట్లో కూర, కొంత రొయ్యల చెరువులకు మేత. చిప్ప సున్నానికి. ఆ మాట వినగానే నాకు మా బామ్మ గుర్తుకు వచ్చింది. మా పాత పెంకుటిల్లు గోడలు అద్దంలా మెరిసేవి. అది గుల్లసున్నమని ఆవిడ గొప్పగా చెప్పుకునేది. ఆవిడ తాంబూలంలో రాసుకునే సున్నమూ అదే. గుల్లను బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లితే పొంగి, తెల్లగా వెన్నలాగా విరిసే ఆ సున్నం వెనుక ఇటువంటి చేతులు ఉన్నాయని మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ అనుకోలేదు.

“ఎక్కడబడితే అక్కడ తియ్యనిస్తారా?” అని అడిగాను.

ఆమె కొంచెం తగ్గి, చుట్టూ చూసి, “ఇక్కడయితే పరవాలేదండి. అడివిలోకి ఎల్లకూడదు. మా చెల్లెలిని ఇచ్చిన ఊళ్ళో, ఊరు పేరు చెప్పనండి, ఎల్లకూడని చోటికి ఎల్లి పట్టుబడిపోయింది. తట్ట పోయింది, గుల్ల పోయింది, మూడు వేలు కట్టింది. ఆ మూడు వేలు తేవడానికి చెవులియ్యి తాకట్టెట్టింది. గుల్ల తెమ్మని బయానా ఇచ్చినోడు మాత్రం ఆ పక్కకే రాలేదండి” అన్నది.

“వాడి పేరు చెప్పలేదా?”

“చెబితే రేపు ఎవరు కొంటారండి?” అన్నది. చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూస్తే మాకు నవ్వు రాలేదు.

ఇంతలో మా మనవరాలు రామేశ్వరం గుల్ల బొమ్మను ఫోనులో చూపించి, “ఇటువంటిది ఇక్కడ దొరుకుతుందా?” అన్నది. ఆమె తదేకంగా చూసి, “ఇది మా సంద్రంలోది కాదమ్మా. ఇట్టాంటివి షోకుకు పెట్టుకుంటారంట గదా. కొనేవోళ్ళు మీ పట్నాల్లోనే ఉంటారండి” అన్నది. మా ఆవిడ నావైపు చూసింది. నేను సముద్రంవైపు చూశాను.

* * *

అంబర్‌పేటకు తిరిగి వచ్చాక నాకు ఆ గుల్లలు నిద్రపట్టనివ్వలేదు. మళ్ళీ జువాలజీ ఆవిడ దగ్గరకు వెళ్ళాను. ఈసారి వాదించడానికి కాదు, తెలుసుకోవడానికి.

గుల్లలో ఉన్న ఆ మెత్తటి ప్రాణి చేసే పని ఏమిటి? రెండు చిప్పల మధ్య నీటిని లోపలికి పీల్చి, అందులోని నలుసులను తిండిగా జల్లించుకుని, తేటనీటిని బయటికి వదులుతుంది. పెద్ద ఆల్చిప్ప గంటకు కొన్ని లీటర్ల నీటిని ఇలా జల్లెడ పడుతుందట. “మన మూసీ ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీ చేసే పనే అనుకోండి” అన్నారావిడ. నిజమే. మా అంబర్‌పేటలో మూసీ ఒడ్డున మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం ఉన్నది. రోజుకు 339 మిలియన్ లీటర్లు, అంటే దాదాపు 34 కోట్ల లీటర్లు శుద్ధి చేసే శక్తితో కట్టారు. దానికి కరెంటు కావాలి, మోటార్లు కావాలి, జీతగాళ్ళు కావాలి. అఖాతపు బురదలో గుల్ల అదే పనిని జీతం లేకుండా చేస్తున్నది. దానికితోడు ఆల్చిప్ప పిల్లకు పాత చిప్పే పీట. చిప్పలన్నీ తవ్వుకుపోతే పిల్ల అంటుకుని పెరగడానికి చోటు ఉండదు. ఒడ్డున ఖాళీగా పడి ఉన్న శంఖపు గుల్ల కూడా వృథా కాదు. సన్యాసి పీత అనే మెత్తటి పీత దానిలో దూరి కాపురం ఉంటుంది. మన పిల్లలు సంచినిండా ఏరుకుని వస్తే అన్ని పీతలకు ఇళ్ళు పోయినట్టే.

ఇంకొక సంగతి కూడా ఆవిడ చెప్పారు. నీటిని జల్లించే ప్రాణి గనుక, నీటిలోని విషం కూడా దానిలో పోగవుతుంది. కొన్ని కాలాలలో సముద్రంలో పెరిగే సూక్ష్మమైన నాచు విషం గుల్లలోకి చేరితే, ఉడికించినా పోదు. 1981లో తమిళనాడు తీరాన అటువంటి గుల్లలు తిని మనుషులు చనిపోయారు. అందుకే చాలా దేశాలలో ఫలానా తీరంలో, ఫలానా రోజులలో గుల్ల తియ్యరాదని బోర్డు పెడతారు. దాన్ని దాటి అమ్మకానికి తీసినవాడికి జరిమానాలు, పడవ జప్తు, జైలు.

గుల్ల మీద రాజు చెయ్యి వెయ్యడం కొత్త సంగతి కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే చేపలు పట్టేవారు ఆరో వంతు చెల్లించాలని, శంఖాలు, ముత్యాలు తీసేవారు రాజుగారి పడవకు కిరాయి కట్టాలని ఉన్నది. ఇంగ్లీషువారి కాలంలో 1897లో చేపల చట్టం చేశారు. నీటిలో మందుగుండు పేల్చినా, విషం కలిపినా రెండు నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా. ఆ రోజుల్లో 200 రూపాయలంటే మాటలు కాదు.

ఇప్పటి చట్టం పళ్ళు ఇంకా పదునైనవి. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చారు. మొదటి జాబితాలోని ప్రాణి విషయంలో నేరం చేస్తే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. తక్కిన నేరాలలో చాలావాటికి మూడేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అభయారణ్యంలోనుంచి అనుమతి లేకుండా ఏ ప్రాణినీ తీసుకుపోరాదు. తీసినవాడి పడవ, వల, బండి జప్తు కావచ్చును. సముద్రపు వేటకు వేరే కట్టుబాటు ఉన్నది: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు వెళ్ళరాదు. చేపలు, రొయ్యలు పిల్లలు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలు పొయ్యి ఎలా వెలిగించాలి అన్న ప్రశ్నకు జవాబుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఒక్కొక్క కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చింది.

చట్టం చేసినవారు బెస్తవారిని పూర్తిగా మరిచిపోయారని కూడా అనలేము. సముద్రజలాలను అభయారణ్యంలో చేర్చేటప్పుడు స్థానిక మత్స్యకారుల జీవనోపాధికి రక్షణ కల్పించాలని 1991 సవరణలో రాశారు. రాత బాగానే ఉన్నది. తట్ట నెత్తిన పెట్టుకున్న మనిషికి ఆ రాత ఎంత దూరంలో ఉన్నదన్నదే ప్రశ్న.

* * *

ఇంగ్లండులో మోర్‌కాంబ్ అనే అఖాతం ఉన్నది. మన కాకినాడ అఖాతంలాగే పాటుకు మైళ్ళ పొడవున ఇసుక తేలుతుంది. 2004 ఫిబ్రవరి 5 రాత్రి, చీకట్లో, చలిలో, అక్కడ గుల్లలు ఏరుతున్న చైనా కూలీలను పోటు ముంచేసింది. కనీసం 21 మంది చనిపోయారు. దొంగదారిన దేశంలోకి తెచ్చిన కూలీలు. భాష రాదు, ఆ సముద్రం తీరు తెలియదు. 25 కిలోల సంచికి వారికి దక్కేది ఐదు పౌండ్లట. అయితే అక్కడ ఒక పని జరిగింది. ఆ కూలీలను బురదలోకి పంపిన మేస్త్రీని పట్టుకున్నారు. 2006లో కోర్టు అతనికి 14 ఏళ్ళ శిక్ష వేసింది. ఇటువంటి కూలీమేస్త్రీలు లైసెన్సు లేకుండా పనిచేయరాదని 2004లోనే చట్టం తెచ్చారు. వంగినవాణ్ణి వదిలి, వంగబెట్టినవాణ్ణి వెతకడానికి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోవలసి వచ్చింది.

ఇది చదివాక నాకు ఒక సంగతి స్పష్టమయింది. కూలీకి, బయానా ఇచ్చినవాడికి, కొట్టు పెట్టి అమ్మినవాడికి అవతల ఇంకొకడు కూడా ఉన్నాడు. వాడు అంబర్‌పేటలో ఉంటాడు. 350ని 200కు బేరమాడి గర్వపడతాడు.

మా తోడల్లుడు వకీలు. అతనికి ఫోను చేశాను. “అన్నయ్యా, చట్టం తీసినవాణ్ణీ అమ్మినవాణ్ణీ మాత్రమే అనదు. కొన్నవాణ్ణి కూడా అంటుంది. వస్తువు నీ దగ్గర ఉన్నదని తేలితే చాలు, అది అక్రమమనే కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం నీదే” అన్నాడు. నా గుండె దడదడలాడింది. “మరి ఏం చెయ్యను?” అన్నాను. “ఏమీ లేదు. రాత్రిపూట సంచిలో చుట్టి మూసీలో పడెయ్యి. మీ ఇంటికి ఎంత దూరం గనుక! పీడ పోతుంది” అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ సలహా నాకు నచ్చింది. యాజమాన్య పత్రం ఉన్నవారు వస్తువును ప్రభుత్వానికి స్వచ్ఛందంగా అప్పగించే పద్ధతి 2022 సవరణలో ఉన్నది. పరిహారం ఏమీ రాదు. కాని నా దగ్గర పత్రం ఎక్కడిది? రామేశ్వరం దుకాణంవాడు ఇచ్చింది ఒక పాత న్యూస్‌పేపరు పొట్లం. నేనుగా వెళ్ళి చెప్పుకుంటే కేసు పెడితే? ఈ వయసులో కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తే? నలుగురూ ఏమంటారు? మూడు రాత్రులు ఆలోచించాను. నాలుగో రోజున సంచి కూడా వెతికి పెట్టుకున్నాను.

మా ఆవిడ సంచి చూసింది. ఏమిటని అడగలేదు. కొంచెంసేపటికి కాఫీ ఇస్తూ, “ఏమండీ, ఆ కాకినాడామె చెల్లెలు చెవులవి తాకట్టు పెట్టి కట్టిందన్నారే, ఆమె బయానా ఇచ్చినవాడి పేరు చెప్పలేకపోయింది. మనకు పేరు చెప్పుకోవడానికి ఏం అడ్డం వచ్చింది?” అన్నది.

నేను కాఫీ తాగడం ముగించాను. బల్లముందు కూర్చుని ఉత్తరం రాశాను. ఫలానా సంవత్సరం, ఫలానా చోట, తెలియక కొన్నాను, తెలిసినందున అప్పగిస్తున్నాను, ఇందుమీద తమరు ఏమి చేసినా సమ్మతమే అని. ఆఖరి వాక్యం రాసేటప్పుడు కలం రెండుసార్లు ఆగింది.

మర్నాడు మేమిద్దరం అటవీశాఖ వారి కార్యాలయానికి వెళ్ళాము. ఆరో నంబరు దగ్గర బస్సు ఎక్కి, నారాయణగూడ మీదుగా వెళుతున్నంతసేపూ మా ఆవిడ ఒడిలో గుల్ల, తువ్వాలులో చుట్టి, పసిపిల్లలాగా ఉన్నది. అక్కడ ఉత్తరం చదివారు. గుల్లను అటూ ఇటూ తిప్పి చూశారు. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగి రాసుకున్నారు. 350ని 200 చేసిన సంగతి ఈసారి చెప్పాలనిపించలేదు. 200 అని మాత్రం చెప్పాను. సంతకం పెట్టమన్నారు. పెట్టాను. చెయ్యి వణికిన మాట వాస్తవం. గుల్ల ముట్టినట్టు చీటీ రాసి ఇచ్చి, “అవసరమైతే పిలుస్తాము” అన్నారు. ఇంతవరకు పిలవలేదు. పిలిస్తే వెళతాను.

తిరిగి వస్తున్నప్పుడు మా ఆవిడ ఒక్క మాటే అన్నది: “సంచి మళ్ళీ కూరలకు పనికొస్తుంది.”

హైదరాబాదుకు ముత్యాల నగరమని పేరు. పత్తర్‌గట్టీలో ముత్యాల సరం కొననివారు ఉండవచ్చునేమో గాని చూడనివారు ఉండరు. ముత్యం కూడా ఒక గుల్ల కడుపున పుట్టిందే. దానికి మాత్రం చీటీ అడుగుతాము, గ్యారంటీ అడుగుతాము. సముద్రపు ఒడ్డున గుల్ల కొనేటప్పుడు ఏమీ అడగము. ధర తగ్గించమని తప్ప. మీ ఇంట్లో కూడా ఒక అద్దాల బీరువా ఉండవచ్చు. అందులో ఏ యాత్రలోనో తెచ్చిన నిగనిగలాడే గుల్ల ఉండవచ్చు. ఉంటే, ఒకసారి తీసి, తెలిసినవారెవరికైనా చూపించండి.

మా బీరువాలో ఆ చోటు ఖాళీగానే ఉన్నది. వచ్చే సంక్రాంతికి నీలం కాగితం మీద మత్స్యావతారం ఒంటరిగా ఉంటుంది. పేరంటానికి వచ్చినవారు పక్కన గుల్ల ఏదని తప్పకుండా అడుగుతారు. మా ఆవిడ శనగలు పొట్లం కడుతూ ఆ సంగతి మొదటినుంచీ చెబుతానంటున్నది.